రాత్రి పెట్టి పొద్దున తినే ఓట్స్ జావ: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. చలిరోజుల్లో పొద్దున్నే దుప్పటి వదలడమే పెద్ద పని. లేచీ లేవగానే పొయ్యి ముందు నిలబడాలంటే మరీ కష్టం. పడుకునే ముందు స్లో కుక్కర్‌లో, అంటే సన్నని వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుండలో, ఓట్స్ పెట్టేస్తే తెల్లవారేసరికి వేడివేడి జావ సిద్ధంగా ఉంటుంది. ఈ పద్ధతిపై మీ సందేహాలు తీర్చడానికి వంటల సలహాదారు స్టూడియోకు వచ్చారు. మొదటి ఫోను తీసుకుందాం. హలో, చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మూడు రోజులుగా ఈ జావ చేస్తున్నాను. మధ్యలో బాగానే ఉడుకుతోంది గానీ అంచుల వెంట గోధుమరంగు అట్టలా గట్టిపడిపోతోంది. నిన్న మాడు వాసన మొత్తానికీ పట్టేసింది. పిల్లలు ముట్టుకోలేదు.

సలహాదారు: అయ్యో, రాత్రంతా ఆశగా పెట్టుకున్నాక అలా అయితే బాధే. కొలత ఎంతమ్మా? కుక్కర్ ఎంత పెద్దది?

శ్రోత: ఒక కప్పు స్టీల్ కట్ ఓట్స్, అవే నూకల్లా ఉండేవి, నాలుగు కప్పుల నీళ్లు. తక్కువ వేడి, అంటే ‘లో’ మీదే పెడుతున్నాను. కుక్కర్ ఆరు లీటర్లది.

సలహాదారు: ఓట్స్ సరైనవే, కొలతా సరైనదే. చిక్కంతా ఆ ఆరు లీటర్లతోనే. మీరు పోసేది లీటరుకు కొంచెం ఎక్కువ. అంత పెద్ద కుండలో అది అడుగున పలుచగా పరుచుకుంటుంది. స్లో కుక్కర్‌లో వేడి ఎక్కువగా చుట్టూ ఉన్న గోడల నుంచి వస్తుంది. కుండ సగానికి పైగా నిండి ఉంటే ఆ వేడి లోపలంతా సర్దుకుంటుంది. పలుచని పొర అయితే గోడకు తగిలిన చోటల్లా ఎండి, మాడుతుంది. అందుకని కుండలోనే ఇంకో గిన్నె పెట్టండి.

శ్రోత: ఎలాంటి గిన్నె అండీ?

సలహాదారు: ఓవెన్ వేడికి తట్టుకునే గాజుదో పింగాణీదో, రెండు లీటర్లు పట్టేది. లోపల కొంచెం వెన్న రాసి, ఓట్స్, నీళ్లు, చిటికెడు ఉప్పు అందులో వేయండి. ఆ గిన్నెను కుండలో పెట్టి, చుట్టూ నీళ్లు పోయండి. బయటి నీళ్లు లోపలి ఓట్స్ మట్టానికి దాదాపు సమంగా రావాలి. మూత పెట్టి ‘లో’ మీద ఏడెనిమిది గంటలు వదిలేయండి. నీళ్లు 100 డిగ్రీలు దాటి వేడెక్కవు కాబట్టి గిన్నె గోడ మాడేదాకా రాదు. నేను ఇప్పుడు ఎంతమందికి చేసినా ఇలాగే చేస్తాను.

శ్రోత: మధ్యలో లేచి కలపాలా?

సలహాదారు: అసలు వద్దు. మూత తీసిన ప్రతిసారీ పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది. హాయిగా నిద్రపోండి. ఒక్క మాట: పొద్దున మూత తీయగానే పైన నీళ్లు తేటగా తేలి, గింజలు అడుగున కనిపిస్తాయి. చెడిపోయిందనుకోకండి. చెక్క గరిటెతో అడుగు నుంచి పైకి నిదానంగా కలపండి. పదిసార్లు తిప్పేసరికి తేట మాయమై, గరిటె వెంట మెత్తగా, చిక్కగా లేస్తుంది. వేడి గిన్నెను బయటికి ఎత్తే ప్రయత్నం చేయకండి, చేతులు కాలతాయి. అక్కడి నుంచే వడ్డించండి.

వ్యాఖ్యాత: ఆ చిక్కదనం ఎక్కడి నుంచి వస్తుంది?

సలహాదారు: బీటా గ్లూకాన్ అనే పీచు నుంచి. అది నీళ్లలో కరిగి జిగురవుతుంది. ఓట్స్ గుండెకు మేలు అనే మాటకు మూలం కూడా అదే. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ కొలెస్ట్రాల్ తగ్గడానికి తోడ్పడుతుందన్న ఆధారంతో, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లో ఓట్స్ పాకెట్ల మీద ఆ విషయం రాసుకోవడానికి అనుమతించింది. అలాగని వేసుకుంటున్న మందులు ఎవరూ మానకూడదు.

వ్యాఖ్యాత: తర్వాతి ఫోను. చెప్పు బాబూ.

శ్రోత: నమస్కారం మేడమ్. హాస్టల్ గదిలో ఉంటాను. నేను పెడితే పొద్దునకల్లా బంకలా తయారవుతోంది. చెంచా నిలబడిపోతోంది.

సలహాదారు: పాకెట్ దగ్గరుంటే చూసి చెప్పు. గింజలు నూకల్లా ఉన్నాయా, నొక్కేసినట్టు పలుచగా ఉన్నాయా?

శ్రోత: పలుచగా, రేకుల్లా ఉన్నాయి.

సలహాదారు: అవి రోల్డ్ ఓట్స్. ఆవిరి పట్టించి, రోలర్ల మధ్య అణిచేసినవి. పొయ్యి మీద ఐదారు నిమిషాల్లో ఉడికేవాటిని ఎనిమిది గంటలు ఉడికిస్తే బంక కాక ఏమవుతాయి? ఇన్‌స్టంట్ ఓట్స్ ఇంకా పలుచన, వాటిని అసలు పెట్టకూడదు. స్టీల్ కట్ అంటే పొట్టు తీసిన గింజను రెండు మూడు ముక్కలుగా కోసి వదిలేసినవి. లోపలికి నీరు చేరడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి రాత్రంతా ఉడికినా పంటికి తగులుతాయి. ఉన్న పాకెట్‌ను పారేయకు బాబూ, దాన్ని పొద్దున పొయ్యి మీద చేసుకో.

వ్యాఖ్యాత: మరో శ్రోత. పాల గురించి అడుగుతారట.

శ్రోత: అవునండీ. నీళ్లకు బదులు అన్నీ పాలే పోశాను. విరిగినట్టు గడ్డలు కట్టాయి.

సలహాదారు: గంటల తరబడి వేడిలో ఉంటే పాలు గడ్డకడతాయి, అంచుల్లో ఎర్రబడతాయి. నీళ్లతో ఉడికించి, పొద్దున కలిపేటప్పుడు వేడి పాలు పోయండి. రుచి కూడా తాజాగా ఉంటుంది. అరటిపండు, తేనె కూడా అప్పుడే. ఎండు ద్రాక్ష, దాల్చినచెక్క మాత్రం రాత్రే వేయొచ్చు. ద్రాక్ష నీళ్లు పీలుస్తుంది కాబట్టి రెండు చెంచాల నీళ్లు అదనంగా పోయండి.

శ్రోత: మిగిలితే?

సలహాదారు: రెండు గంటల్లోపు వెడల్పాటి డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజులు ఉంటుంది. తిరిగి వేడి చేయడానికి పొయ్యి వాడండి, స్లో కుక్కర్ వద్దు. అందులో చల్లటి పదార్థం వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది.

వ్యాఖ్యాత: ఇంకొక ఫోను, చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. ఈ రోజు ఐదింటికి లేచి చూస్తే కుక్కర్ చల్లగా ఉంది. రాత్రి కరెంటు ఎప్పుడు పోయిందో తెలియదు. జావ మాత్రం ఉడికినట్టే ఉంది. మళ్లీ మరిగించి తినొచ్చా?

సలహాదారు: వద్దండీ, పారబోయండి. ఇందులో మొహమాటపడను. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో బాక్టీరియా వేగంగా పెరుగుతుంది. ధాన్యాల్లో ఉండే బాసిల్లస్ సీరియస్ అనేది విడిచే ఒక విషం మరిగించినా పోదు. ఎంతసేపు చల్లగా ఉందో తెలియనప్పుడు చూసి, వాసన పట్టి నిర్ణయించలేం. ఒక కప్పు ఓట్స్ పోతే పోయాయి.

వ్యాఖ్యాత: చివరి ఫోను. చెప్పండి పెద్దమ్మ గారూ.

శ్రోత: నాకు స్లో కుక్కర్ లేదమ్మాయీ. ఒక్కదాన్నే ఉంటాను. ఒక కప్పు జావ కోసం అంత యంత్రం కొనాలా?

సలహాదారు: అక్కర్లేదమ్మా. కరెంటు కుక్కర్లు రాకముందు కూడా జావ రాత్రే పెట్టుకునేవారు. మరుగుతున్న గిన్నెను ఎండుగడ్డి కూరిన పెట్టెలో దాస్తే ఆ వేడికే తెల్లారేలోగా ఉడికిపోయేది. మీ ఇంట్లో వెడల్పు మూతి ఫ్లాస్క్ ఉందా?

శ్రోత: చిన్నది ఉంది. ఒకటిన్నర కప్పు పడుతుంది.

సలహాదారు: అదే చాలు. ముందు దాని నిండా మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి పారబోయండి. పావు కప్పు కంటే కాస్త ఎక్కువ స్టీల్ కట్ ఓట్స్‌ను కప్పు నీళ్లలో రెండు మూడు నిమిషాలు మరిగించి, వెంటనే ఫ్లాస్క్‌లో పోసి మూత బిగించండి. ఖాళీ ఎక్కువగా మిగిలితే వేడి తొందరగా పోతుంది.

శ్రోత: పొద్దునకు వేడి నిలుస్తుందా?

సలహాదారు: మంచి ఫ్లాస్క్ అయితే నిలుస్తుంది. మూత తీయగానే ఆవిరి ముఖానికి తగలాలి. గోరువెచ్చగా ఉంటే మాత్రం తినకండి.

శ్రోత: సరేనమ్మా, ఈ రాత్రికే పెడతాను.

సలహాదారు: పెట్టండి. ముందుగా ఫ్లాస్క్‌ను వేడినీళ్లతో కాచుకోవడం మాత్రం మరవకండి.