సిరిమాను పండగకి బంతి: ముందు గత్తం, తర్వాత జీవన ఎరువు

యాంకర్: మేడం, విజయనగరం చుట్టుపక్కల బంతి రైతులు ఎక్కువగా అనే మాట ఒకటుంది. జీవన ఎరువు ప్యాకెట్లు చల్లాం, తేడా ఏమీ కనబడలేదని.

నిపుణురాలు: ప్యాకెట్టులో ఉన్నవి ప్రాణమున్న సూక్ష్మజీవులండి. వాటికి తిండి, అంటే కర్బనం, నేలలో ఉండాలి. మన ఎర్ర గరప నేలల్లో అదే తక్కువ. అందుకే ఎకరాకు బాగా మాగిన పశువుల గత్తం 8 నుంచి 10 టన్నులు ఆఖరి దుక్కిలో కలపమంటాం.

యాంకర్: మాగిందో లేదో ఎలా పోల్చుకోవాలి?

నిపుణురాలు: కుప్ప లోపలికి చెయ్యి పెడితే వేడి తగలకూడదు. పేడ వాసన పోయి మట్టి వాసన రావాలి. పచ్చి గత్తం వేస్తే చెద, వేరు పురుగు చేరతాయి. గడ్డి ఎక్కువున్న గత్తమైతే, అది కుళ్ళేటప్పుడు నేలలోని నత్రజనిని లాగేసుకుంటుంది. మొక్క పసుపెక్కుతుంది. అది చూసి కంగారుపడి యూరియా గుప్పిస్తే ఆకు గుబురుగా వస్తుంది, పూత తగ్గిపోతుంది.

యాంకర్: మరి ప్యాకెట్లు ఎప్పుడు వాడాలి?

నిపుణురాలు: ట్రైకోడెర్మా, అంటే తెగుళ్ళని అడ్డుకునే మేలు బూజు, ముందుగా పెంచుకోవాలి. 90 కిలోల గత్తం, 10 కిలోల వేపపిండిలో ఆ ప్యాకెట్టు పొడి 2 కిలోలు కలిపి, నీడలో కుప్ప పోసి, తడి గోనెసంచులు కప్పాలి. మధ్యలో ఒకటి రెండుసార్లు తిరగేస్తే పది రోజులకి తెల్లగా బూజు పడుతుంది. చాలామంది పాడైందనుకుని పారబోస్తారు. అయ్యో, మనకి కావలసింది ఆ బూజేనండి! దాన్ని దుక్కిలో చల్లెయ్యాలి. గాలిలోని నత్రజనిని పట్టే అజోస్పైరిల్లం, నేలలోని భాస్వరాన్ని కరిగించి మొక్కకి అందించే ఫాస్ఫోబాక్టీరియా ఎకరాకు చెరో 2 కిలోలు మరో 100 కిలోల గత్తంలో కలిపి, నాటే ముందు సాయంత్రం పూట బోదెల వెంట వేసి మట్టి కప్పాలి. నేలలో పదును ఉండాలి. ఎండలో చల్లి వదిలేస్తే చచ్చిపోతాయి.

యాంకర్: నారుకి?

నిపుణురాలు: అవే రెండూ అరకిలో చొప్పున 10 లీటర్ల నీళ్ళలో కలిపి, నారు వేళ్ళు 20 నిమిషాలు ముంచి నాటండి. ఆ నీళ్ళలో మాత్రం ఏ తెగులు మందూ కలపొద్దు. తర్వాత రాగి ఉన్న తెగులు మందు మొదళ్ళలో పోసినా ఈ బాక్టీరియాకి దెబ్బే. కొనేటప్పుడు గడువు తేదీ చూడండి, ప్యాకెట్లు నీడలో దాచండి.

యాంకర్: పైడితల్లమ్మ సిరిమాను నాటికి పూలు కోతకి రావాలంటే?

నిపుణురాలు: సిరిమాను దసరా తర్వాత వచ్చే మంగళవారం కదా. నాటిన రెండు నెలలకి అటూఇటుగా పూత అందుతుంది. పండగ నుంచి 70 రోజులు వెనక్కి లెక్కపెట్టి, 30 రోజుల నారు నాటండి. కొమ్మలు ఎక్కువ రావాలని తల తుంచితే తొలి పూత వెనక్కి పోతుంది, ఆ రోజులూ కలుపుకోండి. అక్టోబరులో తుపాను వానలు పడొచ్చు కాబట్టి మడి కట్టి నాటొద్దు, బోదెల మీదే నాటండి. బోదెకీ బోదెకీ 60 సెంటీమీటర్లు, మొక్కకీ మొక్కకీ 45. నీళ్ళు ఒక రోజు నిలబడినా వేరు కుళ్ళు పడుతుంది. చేను పల్లం వైపు కాలవ ఇప్పుడే తీసి ఉంచండి.