వాసన చూసే రోజు: ఎమ్మెస్ చేసి మళ్ళీ బడికి ఎందుకు వెళ్తున్నానంటే

హాయ్ అండి, అందరికీ నమస్తే. ఇప్పుడే జర్మనీలో, హాంబర్గ్‌లో రైలెక్కాను, లూబెక్ వెళ్తున్నా, ముప్పావు గంట ప్రయాణం. చెవి మిషన్ల పని, అంటే వినికిడి యంత్రాలు అమర్చే పని నేర్చుకునే బడి అక్కడుంది. ఈ వీడియో మా పెద్దత్తయ్య కోసం. ఫోన్ చేసినప్పుడల్లా "ఎమ్మెస్ చేశావు కదా, మళ్ళీ బడికి వెళ్ళడం ఏంటమ్మా" అంటోంది, ఫోన్‌లో చెబితే సగమే వినపడి ఇంకా కంగారు పడుతోంది, అందుకని మొత్తం చెప్పేద్దామని కెమెరా పెట్టాను.

ముందు టికెట్ సంగతి. నెలకి 63 యూరోల పాసు ఒకటుంది, యూరోకి వంద చొప్పున వేసుకున్నా 6,300 రూపాయలు. దేశంలో ఏ ఊళ్ళోనైనా లోకల్ రైళ్ళు, బస్సులు, మెట్రో అన్నీ దాంతోనే తిరగొచ్చు, స్పీడుగా వెళ్ళే రైళ్ళు మాత్రం ఎక్కనివ్వరు.

సరే. ఇక్కడ చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువిస్తారు. నేను పదమూడు నెలలు చిప్ డిజైన్ ఉద్యోగాలకే అప్లికేషన్లు పెట్టాను, వేరే దాని వంక కన్నెత్తి చూడలేదు, చూస్తే ఓడిపోయినట్టే అనుకున్నాను. రాత్రుళ్ళు నిద్ర ఉండేది కాదు. ఆ టెన్షన్‌లో ఒకరోజు ఇక్కడి ప్రభుత్వ ఉద్యోగ సలహా కేంద్రానికి వెళ్తే, అక్కడి మేడమ్ నా సర్టిఫికెట్లన్నీ చూసి పక్కన పెట్టి, "ఇవి సరే, మీకు ఏ పని చేస్తుంటే టైమ్ తెలియదు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. నన్నెవరూ ఎప్పుడూ అలా అడగలేదు. ఎంసెట్ ర్యాంకు వచ్చాక తెనాలిలో నెట్ సెంటర్‌లో నాన్న పక్కన కూర్చుని వెబ్ ఆప్షన్లు పెట్టాం, కంప్యూటర్స్ రాలేదు, ఈసీఈ వచ్చింది, చేరిపోయాను. నాన్న తప్పేం లేదు, మా వీధిలో అందరం అలాగే చేరాం.

చాలాసేపు ఆలోచించి, చిన్న చిన్న వస్తువులు విప్పి బాగుచేయడం ఇష్టమని చెప్పాను. ఆవిడ ఒక చెవి మిషన్ల షాపు అడ్రస్ ఇచ్చి "ష్నుప్పర్‌టాగ్‌కి వెళ్ళి రండి" అన్నారు. ష్నుప్పర్న్ అంటే వాసన చూడటం, టాగ్ అంటే రోజు. చేరకముందే ఒకరోజు వెళ్ళి అక్కడి పని చూసి, వాళ్ళ పక్కన నిలబడి, ఇది మనకి పడుతుందా లేదా తేల్చుకోవడం అన్నమాట. స్కూలు పిల్లలు కూడా వెళ్తారు. పులుసు ఉప్పు చూసుకున్నట్టు ఉద్యోగాన్ని కూడా రుచి చూసుకోవచ్చని నాకు ఇరవై ఆరేళ్ళకి తెలిసింది.

ఆ రోజు మిషన్ సరిగ్గా అమరడానికి ఒక పెద్దాయన చెవికి అచ్చు తీస్తుంటే చూశాను. ముందు లైటు వేసి చెవి లోపల చూశారు. దారం కట్టిన చిన్న దూది ఉండను లోపలి మలుపు దాటించి పెట్టారు, లోపల కర్ణభేరికి ఏమీ తగలకుండా. తర్వాత సిరంజితో గులాబీరంగు సిలికాన్ నింపారు. ఐదు నిమిషాలకి గట్టిపడ్డాక మెల్లగా తిప్పి బయటికి తీస్తే, చిన్న అల్లం ముక్కలా ఉంది! ఏ ఇద్దరి చెవులూ ఒకేలా ఉండవట. ఆ తర్వాత మిషన్‌లో ఏ ఫ్రీక్వెన్సీ, అంటే ఏ స్థాయి శబ్దం, ఎంత పెంచాలో కంప్యూటర్‌లో సెట్ చేస్తుంటే, బీటెక్‌లో బట్టీపట్టిన ఫిల్టర్లన్నీ కళ్ళముందు పనిచేస్తున్నాయి. పెద్దాయన చేతిలో పేపరు మడిచి, ఆ చప్పుడు విని, మళ్ళీ మడిచారు. సాయంత్రం ఆరయ్యిందని నాకు తెలియలేదు.

మూడేళ్ళ శిక్షణ ఇది, షాపులో పని, మధ్యమధ్యలో బడి. దేశంలో ఈ పని నేర్చుకునేవాళ్ళు దాదాపు అందరూ బడికి లూబెక్‌కే రావాలి. ఇప్పుడు రెండో ఏడాది, జీతం 1,050 యూరోలు. లక్ష దాటింది కదా అంటుంది అత్తయ్య, కోతలు పోను చేతికి 840 వస్తుంది, అందులో గది అద్దె 430, వారాంతాల్లో బేకరీలో చేస్తేనే నెల గడుస్తుంది. నా క్లాసులో సగంమంది నాకంటే ఆరేడేళ్ళు చిన్న. వాళ్ళు సాయంత్రం గుంపుగా వెళ్తారు, నేను గదికొచ్చి పెరుగన్నం కలుపుకుని అమ్మకి వీడియో కాల్ చేస్తాను. నాన్న అడిగినవాళ్ళకి "హాస్పిటల్ లైన్‌లో ఉంది" అని చెబుతున్నారట. అది విన్న రోజు మాత్రం ఏడ్చాను. నాన్నా, చెవి మిషన్ల పని అనే చెప్పండి, నాకు చాలా ఇష్టమైన పని.

అదిగో, లూబెక్ వచ్చేసింది. ఆ రెండు బురుజులున్న ఎర్ర ఇటుకల గేటు ఐదు వందల ఏళ్ళ కిందటిది, 2006లో వచ్చిన 2 యూరోల నాణెం మీద ఉన్నది ఇదే. ఇక్కడ మార్జిపాన్ చాలా ఫేమస్, బాదం పప్పు, పంచదార కలిపి రుబ్బిన ముద్ద, మన బాదం బర్ఫీకి దగ్గరగా ఉంటుంది కానీ నెయ్యి ఉండదు. నానమ్మకి తీసుకొస్తా.

నానమ్మ అంటే గుర్తొచ్చింది. నాన్నా, నేను సంక్రాంతికి వచ్చేలోపు నానమ్మని చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి గుబిలి తీయించి, ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, చేయించి, రిపోర్ట్ వాట్సాప్‌లో పెట్టండి. రెండు చెవులకీ. అచ్చు నేనే తీస్తా.