పాస్‌ల గీతల్లో జట్టు బలం

పెద్దలకు, కోచ్‌లకు, ఆటగాళ్లకు నమస్కారం. తెలుగు, ఒడియా, సవర మాటలు ఒకే మైదానంలో వినిపించే ఊరు మన పర్లాకిమిడి. ఇక్కడ ఫుట్‌బాల్ మ్యాచ్ ముగిసిందంటే రాత్రి దాకా గోల్ కొట్టినవాడి ముచ్చటే. బంతి అతని దాకా ఎవరెవరిని దాటి వచ్చిందని అడిగేవారు తక్కువ. గణితం చెప్పుకునే నాకు ఆ ప్రశ్నే ముఖ్యం.

కాగితం మీద పదకొండు చుక్కలు పెట్టండి. 4వ నంబరు 8వ నంబరుకు పాస్ ఇస్తే ఆ రెంటి మధ్య బాణం గీయండి. మళ్లీ ఇస్తే గీతను లావు చేయండి. మ్యాచ్ అయ్యేసరికి ఒక వల తయారవుతుంది. దీని వెనక ఉన్నది చుక్కలనూ వాటిని కలిపే గీతలనూ పరిశీలించే గణితం, గ్రాఫ్ సిద్ధాంతం. 1736లో గణితవేత్త ఆయిలర్, కోనిగ్స్‌బర్గ్ ఊరి వంతెనలన్నిటినీ ఒక్కోసారే దాటి తిరగగలమా అన్న లెక్కతో దానికి పునాది వేశాడు.

యూరప్ దేశాల జట్లు ఆడే 2008 యూరో కప్ చూడండి. స్పెయిన్ ఆటగాడు షావి ఆ టోర్నీలో కొట్టింది ఒక్క గోల్. అతని జట్టులోనే విల్లా నాలుగు కొట్టాడు. అయినా ఉత్తమ ఆటగాడి గౌరవం షావికే దక్కింది. ఫైనల్లో జర్మనీపై టోరెస్ కొట్టిన ఏకైక గోల్‌కు బంతి అందించింది అతనే. ఆ టోర్నీ మ్యాచ్‌లనే తీసుకుని, గోల్ మీదికి కొట్టిన షాట్‌తో ముగిసిన పాస్‌ల దారుల్లో ఎవరు ఎన్నిసార్లు ఉన్నారో పరిశోధకుడు అమరాల్ బృందం లెక్కగట్టింది. గోల్ పట్టికలో కనిపించని కష్టం అందులో కనిపిస్తుంది.

నాకు బాగా నచ్చిన పరిశోధన థామస్ గ్రుండ్‌ది. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో 760 మ్యాచ్‌ల నుంచి 2,83,259 పాస్‌లు పరిశీలించాడు. పాస్‌లు జోరుగా సాగే జట్లకు గోల్స్ ఎక్కువ. ఆటంతా కొద్దిమంది చుట్టూ తిరిగే జట్లకు తక్కువ. ఒక్క కాలువను నమ్ముకున్న ఆయకట్టు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆటంతా ఒక్కడి మీదే నడిస్తే, అతన్ని ప్రత్యర్థి కాపు కాశాడంటే ఆట ఆగిపోతుంది.

మన జట్లలో నన్ను బాధపెట్టేది మరొకటి ఉంది. ఎడమ అంచున కొండ ఊరి కుర్రాడు చెయ్యెత్తి నిలబడతాడు. దరిదాపుల్లో ప్రత్యర్థి ఎవరూ ఉండరు. మధ్యలో ఉన్నవాడు అతన్ని చూసి కూడా, ఇద్దరి మధ్య ఇరుక్కున్న తన ఊరి స్నేహితుడికే బంతి ఇస్తాడు. మైదానంలో అరిచి చెబితే అది నిందలా వినిపిస్తుంది. అదే కాగితం మీద ఆ చుక్క దగ్గరికి ఒక్క గీతా రాలేదని చూపిస్తే కుర్రాళ్లే గ్రహిస్తారు. ఆ తర్వాత సాధనలో, ఎడమ అంచుకు బంతి వెళ్లాకే గోల్ చెల్లుతుందని నియమం పెట్టండి.

దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. గట్టు మీద ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టండి. ఒకరు నంబర్లు చెబుతుంటే మరొకరు 4, 8, 7 అని వరుసగా రాయాలి. బంతి ప్రత్యర్థికి పోగానే అడ్డగీత కొట్టాలి. ఆటగాడు మారితే కొత్త పేజీ తీయాలి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. డిఫెండర్లు తమలో తాము బంతి తిప్పుకున్నా గీతలు లావవుతాయి. కాబట్టి షాట్ దాకా వెళ్లిన వరుసల కింద ఎర్ర సిరాతో గీత పెట్టి, వాటిని విడిగా లెక్కించండి.