కోర్టులో సుత్తి లేదు, సుత్తంతా సీరియల్లోనే!

ముందు ఒకటి తేల్చేద్దాం. మన కోర్టుల్లో జడ్జిగారు సుత్తి కొట్టరు. ఆ అలవాటు అమెరికాది. నమ్మకపోతే 2022 నుంచి సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణలు లైవ్‌లో వస్తున్నాయి, చూడండి. ఒక్క టకటక వినిపిస్తే నన్నడగండి.

పోయిన వీడియోలో ఈ మాటే అంటే సగం మంది నా మీద పడ్డారు. "నిజం కోర్టులా తీస్తే ఎవడు చూస్తాడు బ్రో, బోర్" అని. బోరా? నాకు మండేది ఇక్కడే!

సీరియల్లో కాఫీ కప్పు కింద పడుతుంది. కప్పు, అత్త మొహం, కోడలి మొహం, మళ్ళీ కప్పు, మూడు ఉరుములు. ఎపిసోడ్ అయిపోయింది. అదే సీరియల్లో హత్య కేసు? సోమవారం అరెస్టు, బుధవారం తీర్పు! సాగదీయడంలో పీహెచ్‌డీ చేసినవాళ్ళు, నిజంగా సాగే చోటికొచ్చేసరికి పరుగులు పెడతారేంటండీ? నేను చెప్పేది ఒక్కటే. మన టీవీ కోర్టు అబద్ధంగా ఉండేది మసాలా ఎక్కువై కాదు, వాయిదా లేక.

విడాకులే తీసుకోండి. అత్త కాగితాలు విసురుతుంది, కోడలు ఏడుస్తూ సంతకం పెడుతుంది, అయిపోయింది. అసలు చట్టంలో, హిందూ వివాహ చట్టం 13బి కింద ఇద్దరూ ఒప్పుకున్నా రెండుసార్లు కోర్టు ముందుకు రావాలి, మధ్యలో 6 నెలలు ఆగాలి. ఆ గడువును జడ్జి తగ్గించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, సోఫాలో కూర్చుని సంతకం పెడితే చాలని ఎవరూ చెప్పలేదు. ఆరు నెలలు! మొగుడూ పెళ్ళాం మనసు మారుతుందా లేదా అని ఆరు నెలల ఎపిసోడ్లు. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడమంటే ఇదే.

ఇక ఆఖరి నిమిషంలో పెన్ డ్రైవ్ పట్టుకుని పరిగెత్తుకొచ్చే హీరో. నాయనా, దానికి సర్టిఫికెట్ కావాలి. ఇప్పుడు కొత్త సాక్ష్యాల చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం, సెక్షన్ 63 అడుగుతుంది. ఆ సర్టిఫికెట్ కోసం తిరిగితే ఇంకో నెల ఎపిసోడ్లు!

ఒకసారి మా పెదనాన్నతో పొలం గట్టు కేసుకి వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తెల్లారుజామున బస్సెక్కి వచ్చాడాయన. బంట్రోతు పేరు పిలిచాడు. పెదనాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా లాయరు పక్క కోర్టులో ఉన్నారు. జడ్జిగారు తలెత్తకుండానే ఒక తారీఖు చెప్పారు, గుమాస్తా డైరీలో రాసుకున్నాడు. నిమిషం కూడా పట్టలేదు. చొక్కా మడత కూడా నలగలేదు. ఆ మొహం మీద కెమెరా పెట్టండి, ఏ ఉరుమూ అక్కర్లేదు.

ఎవరూ చూడరంటారా? 2014లో మరాఠీలో ‘కోర్ట్’ అని సినిమా తీశారు. ఒకామె చేతుల్లేని బట్టలు వేసుకొచ్చిందని జడ్జి ఆమె కేసే వినడు, తర్వాత రమ్మంటాడు. అంత చిన్న సీను, ఒళ్ళు మండిపోతుంది. దానికి జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది. అందులో సుత్తి కూడా లేదు.

మొన్న పెదనాన్న పక్కన కూర్చుని సీరియల్ చూశాను. మధ్యాహ్నం వేసిన కేసుకి సాయంత్రం తీర్పొచ్చింది. ఆయన రిమోట్ కింద పెట్టి, "ఒరేయ్, ఈ కోర్టు ఏ ఊళ్ళో ఉందో కనుక్కో" అన్నాడు.