చేపపిల్ల మెదడులో వెలిగే కణాలు

దృశ్యం: నల్లటి తెర మీద మెరుస్తున్న ఆకుపచ్చ చుక్కలు.

వ్యాఖ్యానం: ఈ చుక్కల్లో ఒక్కొక్కటి ఒక నాడీకణం. బతికి ఉన్న జీబ్రా చేపపిల్ల మెదడులో వెలుగుతున్నాయి. దాని వయసు 5 రోజులు, పొడవు 4 మిల్లీమీటర్లు.

మన మెదడులోనూ ఇలాంటి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారు చేస్తాయి. అడుగు వేయాలన్నా, చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా అది కావాలి. పార్కిన్సన్స్ వ్యాధిలో ఈ కణాలు క్రమంగా చనిపోతాయి. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు దీని లక్షణాలను వర్ణించారు. అప్పుడైనా ఇప్పుడైనా, చెయ్యి వణుకుతోందని రోగి వచ్చేసరికే ఆ కణాల్లో చాలా భాగం పోయి ఉంటుంది. మొదటి కణం ఎందుకు దెబ్బతిందో చూద్దామంటే పుర్రె అడ్డం.

చేపపిల్లకు ఆ అడ్డు లేదు. దాని ఒళ్లు గాజులా పారదర్శకం.

దృశ్యం: సూక్ష్మదర్శిని కింద గుండ్రటి గుడ్డు. దాని వైపు వస్తున్న సన్నటి గాజు సూది.

వ్యాఖ్యానం: ఇక్కడ తొందరపడాలి. ఫలదీకరణ జరిగిన సుమారు 45 నిమిషాలకే ఈ ఒక్క కణం రెండవుతుంది. ఈలోపే సూదితో జన్యువును లోపలికి పంపాలి. పచ్చగా మెరిసే ప్రోటీన్‌ను తయారుచేసే జెల్లీఫిష్ జన్యువును తగిన చోట అమరిస్తే డోపమైన్ కణాలు పచ్చగా మెరుస్తాయి. క్రిస్పర్ అనే జన్యు కత్తెరను పంపితే చేప సొంత జన్యువు తెగుతుంది. ఆ మార్పు పిల్లలకు సంక్రమిస్తే ఒక కొత్త చేపల వంశమే తయారవుతుంది.

పింక్1 జన్యువు పాడైతే మనుషుల్లో చిన్న వయసులోనే పార్కిన్సన్స్ రావచ్చు. అదే జన్యువు పాడైన చేపల్లోనూ డోపమైన్ కణాలు తగ్గాయి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పని మందగించింది. మన దారీ చేప దారీ విడిపోయి 40 కోట్ల ఏళ్లు దాటినా, మన జన్యువుల్లో దాదాపు 70 శాతానికి చేపలో జోడు ఉంది మరి.

ఒక ముఖ్యమైన జన్యువుకు మాత్రం ఆ జోడు లేదు. రోగుల మెదడులో ముద్దకట్టే ఆల్ఫా-సిన్యూక్లిన్ ప్రోటీన్ జన్యువు జీబ్రా చేపకు అసలే లేదు. పెద్ద లోటే అనుకున్నాను మొదట. నిజానికి అదే కలిసొచ్చింది. మనిషి జన్యువును చేపలో పెట్టినప్పుడు, లెక్కను చెడగొట్టడానికి చేప సొంత ఆల్ఫా-సిన్యూక్లిన్ ఉండదు. ఆ ప్రోటీన్ పోగుపడిన కణం ఎలా కుంగిపోతుందో గంటగంటకూ చూడవచ్చు.

చేప మెదడు మన మెదడుకు నకలు కాదు. మన మధ్యమెదడులో ఉండే డోపమైన్ కణాల గుంపు దానికి లేదు, ఆ పనిచేసే కణాలు వేరేచోట ఉంటాయి. అందుకే చేపలో పనిచేసిన మందు ఎలుకల్లో, మనుషుల్లో జరిగే పరీక్షలను దాటి రావాలి.

దృశ్యం: చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. ఒక మూల కొత్తది వెలుగుతుంది.

వ్యాఖ్యానం: నన్ను వదలని విషయం ఇది. పెద్ద చేపలో డోపమైన్ కణాలను నాశనం చేస్తే, మెదడులో కొన్నిచోట్ల కొత్తవి పుడతాయి, కొన్నిచోట్ల పుట్టవు. రోగనిరోధక వ్యవస్థ స్పందనను మందుతో అణిచిపెడితే ఆ పుట్టుక తగ్గుతుంది. ఒకే మెదడులో ఒక మూల చిగురించి, ఇంకో మూల ఎందుకు మోడుగా ఉండిపోతోందో ఇప్పుడు వెతుకుతున్నారు.