గుట్ట పోతే చెరువుకు నీళ్లెక్కడివి?

(హనుమకొండ జిల్లాలో ఒక ఊరి చెరువుకు ఎగువన రాతి క్వారీ ప్రతిపాదనపై స్టూడియో చర్చ)

యాంకర్: నమస్కారం. తవ్వే చోటు చెరువు శిఖం భూమికి, అంటే చెరువు నిండితే మునిగే నేలకు, బయటే ఉంది కాబట్టి చెరువుకు ఏ ఇబ్బందీ లేదని దరఖాస్తులో రాశారు. సార్, మీరు భూగర్భ జల శాఖలో చేసి రిటైరయ్యారు. ఇది నిజమేనా?

నిపుణుడు: శిఖానికి బయట అన్నది నిజమే. కానీ చెరువుకు నీళ్లు వచ్చేది గుట్ట మీంచి కదా! ఒక్క హెక్టార్ బండ మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 10 లక్షల లీటర్లు. నున్నటి బండ కాబట్టి చాలా వరకు జారి ఒర్రెలో, అంటే చిన్న వాగులో, పడతాయి. అక్కడ గొయ్యి తవ్వితే ఆ నీళ్లు గొయ్యి పాలే. రామప్ప, పాకాల చెరువులు కూడా గుట్టల వాలు చూసి కట్టినవే.

రైతు: ఆ ఒర్రె వాళ్ల మ్యాపుల గీత కూడా లేదు సార్. వానకాలం మోకాలి లోతు పారుతది. అది పారితేనే మా మత్తడి, అదే అలుగు, దుంకుతది, మా మత్తడి దుంకితేనే కింది రెండు చెరువులకు నీళ్లు.

క్వారీ ప్రతినిధి: గొయ్యి చుట్టూ గార్లాండ్ డ్రెయిన్, అంటే దండలా చుట్టూ కాలువ తీస్తాం, మట్టి అడుగుకు దిగేలా సెట్లింగ్ ట్యాంకు కట్టి నీటిని ఒర్రెలోకే వదులుతాం. అంతా ప్లాన్‌లో ఉంది. రోడ్డుకైనా ఇంటికైనా కంకర కావాలి కదండీ. ఎక్కడా తవ్వొద్దంటే ఎట్లా?

నిపుణుడు: కంకర కావాలి, కాదనను. కానీ ఆ కాలువ బయటి నీటిని తిప్పుతుంది, గొయ్యిలో పడ్డ వానను కాదు. ఇక ట్యాంకు అంటారా, పూడిక తీయకపోతే అది పేరుకే. నా టెన్షన్ అంతా రాయిని కంకర చేసే క్రషర్ పొడితో. పిండిలా ఉంటుంది, నీళ్లతో కొట్టుకొచ్చి చెరువు వెనక లోతు తక్కువున్న చోట పేరుకుంటుంది. తుంగ, జమ్ము పెరిగేది, చేపపిల్లలు తిరిగేది, కొంగలు దిగేది అక్కడే. బోర్ల సంగతి వేరే. మన దగ్గర నీళ్లుండేది పైన మొరంలో, కింద రాతి పగుళ్లలో. గొయ్యి ఆ పగుళ్లను కోస్తే ఊట అందులోకి దిగుతుంది, మోటారు పెట్టి తోడేస్తారు. ముందు ఎవరి బోరు ఎండుతుందో చెప్పలేం, పగులు ఎటు పోతే అటు.

యాంకర్: లాయర్ గారూ, చెరువుల్లాంటి చిత్తడి నేలలకు చట్టం ఉంది కదా?

న్యాయవాది: మెలిక అక్కడే ఉంది. 2017 నాటి నిబంధనల్లో చిత్తడి నేల నిర్వచనం నుంచి తాగునీటికి, సాగునీటికి మనుషులు కట్టిన జలాశయాలను తీసేశారు. మన చెరువులన్నీ మనుషులు కట్టినవేనాయె! ఎనిమిది వందల ఏళ్ల పాకాల కూడా ఆ మాట ప్రకారం బయటే. అయితే అదే ఏడాది సుప్రీంకోర్టు, కేంద్రం గుర్తించిన 2,01,503 చిత్తడి నేలలను 2010 నిబంధనల్లో, అక్కడ ఏ పనులు చేయకూడదో చెప్పే 4వ నియమం సూత్రాలతో కాపాడాలంది. అవన్నీ 2.25 హెక్టార్లు దాటినవి. మీ చెరువు అందులో ఉందేమో ముందు చూడండి. లేకపోతే నీరు, భూమి, చెట్ల రక్షణకున్న వాల్టా చట్టం, పర్యావరణ అనుమతి షరతులే దిక్కు.

క్వారీ ప్రతినిధి: మాది 5 హెక్టార్ల లోపే. ప్రజాభిప్రాయ సేకరణే అక్కర్లేదు.

న్యాయవాది: మీదొక్కటే అయితే. 500 మీటర్ల లోపు ఇంకో లీజుండి, రెండూ కలిపి 5 హెక్టార్లు దాటితే క్లస్టర్, అంటే ఒకే గుంపు లెక్క అవుతుంది, ప్రజాభిప్రాయ సేకరణ సభ తప్పదు. పక్క గుట్టకు ఎవరైనా అడిగారా?

రైతు: అడగకేం, వీళ్ల ఓనర్ బామ్మర్దే.

క్వారీ ప్రతినిధి: అది వేరే దరఖాస్తండీ.

యాంకర్: సభ పెడితే ఊరివాళ్లు ఏం చేయాలి?

న్యాయవాది: కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు రావాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో పంచాయతీలో ఉండాలి, అడిగి చదవండి. సభకు కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న లెక్క, లేదు. పదిమందే వచ్చినా జరిగినట్టే లెక్క. అందుకే అభ్యంతరాలు రాసిచ్చి రసీదు తీసుకోండి. ఒర్రెకు ఫోటోలు జత చేయండి.

నిపుణుడు: ఇంకోటి. ఇప్పటి నుంచే బావుల్లో నీటి మట్టం రాసి పెట్టుకోండి. రేపు నీళ్లు దిగితే, ముందెంత ఉండేవని అడుగుతారు.

రైతు: తాడుకు రాయి కట్టి కొలిస్తే నడుస్తదా సార్?

నిపుణుడు: బ్రహ్మాండంగా. వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి. గట్టు మీద ఒకే చోటి నుంచి దించండి. తేదీ వేసి పంచాయతీ కార్యదర్శితో సంతకం పెట్టించండి.