ఉప్పెన ఎత్తును ఉపగ్రహం కొలవగలదా?

[తెర మీద: కోస్తా ఆంధ్ర మ్యాప్. చీరాల, దివిసీమ వెలుగుతాయి]

1977 నవంబర్ 19న తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. అయితే ఉప్పెన ఎక్కువ ప్రాణాలు తీసింది అక్కడ కాదు, ఈశాన్యంగా ఉన్న దివిసీమలో. దాదాపు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీద పడింది. పది వేల మందికి పైగా చనిపోయారు.

తుఫాను ఒకచోట తీరం దాటితే, నీళ్లు ఇంకోచోట ఎందుకు ఎక్కువ వచ్చాయి?

[యానిమేషన్: సుడి తిరుగుతున్న తుఫాను, గాలి బాణాలు]

మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. అందుకే తుఫాను దారికి కుడివైపున గాలి సముద్రం నుంచి నేల మీదికి కొడుతుంది. నీటిని తోసుకొస్తుంది. దివిసీమ సరిగ్గా ఆ కుడివైపున ఉంది. తుఫాను మధ్యలో గాలి పీడనం తగ్గడం వల్ల కూడా నీటిమట్టం లేస్తుంది. కానీ ఒక మిల్లీబారు తగ్గితే లేచేది సెంటీమీటరే. అంటే 50 మిల్లీబార్లు పడిపోయినా అర మీటరు. మిగతా ఎత్తంతా గాలి పని. లోతు తక్కువ ఉన్న తీరంలో తోసుకొచ్చిన నీళ్లకి వెనక్కి పోయే దారి దొరకదు, పైకి లేస్తాయి.

[తెర మీద: మ్యాప్ మీద చుక్కలుగా టైడ్ గేజ్‌లు]

ఈ ఎత్తును కొలవడానికి రేవుల్లో టైడ్ గేజ్‌లు ఉంటాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలోని గేజ్ సుమారు 1.4 మీటర్ల ఉప్పెనను నమోదు చేసింది. కానీ గేజ్ తానున్న చోటి సంగతే చెబుతుంది. రెండు రేవుల మధ్య ఉన్న పల్లెల ముందు నీళ్లు ఎంత లేచాయో దానికి తెలియదు.

[యానిమేషన్: ఉపగ్రహం, కిందికి వెళ్లి తిరిగొచ్చే రాడార్ తరంగం]

ఉపగ్రహం అవసరం ఇక్కడే వస్తుంది. ఆల్టిమీటర్ అనే పరికరం కిందికి రాడార్ తరంగాలు పంపి, అవి సముద్రాన్ని తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని లెక్కిస్తుంది. సమయాన్ని బట్టి దూరం, దూరాన్ని బట్టి నీటిమట్టం. 1992లో వెళ్లిన టోపెక్స్ పోసైడన్ అనే ఉపగ్రహం 1336 కిలోమీటర్ల ఎత్తు నుంచి కొన్ని సెంటీమీటర్ల తేడాతో సముద్రమట్టం చెప్పింది. దారిలో గాలిలోని తేమ తరంగాన్ని ఎంత ఆలస్యం చేసిందో కూడా లెక్కలోంచి తీసేయాలి. ఇంత కచ్చితత్వం సాధించారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మన శ్రీహరికోట నుంచి కూడా ఇలాంటిది ఒకటి వెళ్లింది. ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి చేసిన సరళ్, 2013 ఫిబ్రవరి 25న. అదే ఏడాది డిసెంబర్‌లో యూరప్‌లోని ఉత్తర సముద్రం మీద జావెర్ అనే తుఫాను విరుచుకుపడ్డప్పుడు, లేచి ఉన్న సముద్రం మీదుగా వెళ్లి ఆ ఎత్తును కొలిచింది సరళే. శాస్త్రవేత్తలు ఆ కొలతలను తీరంలోని గేజ్‌లతో, కంప్యూటర్ మోడళ్లతో పోల్చి చూశారు.

అలా సరైన సమయానికి అక్కడ ఉండటం అరుదు. టోపెక్స్ ఒక చోటికి మళ్లీ రావడానికి దాదాపు పది రోజులు పట్టేది, ఉప్పెన కొన్ని గంటల్లో అయిపోతుంది. తీరం దగ్గర ఇంకో చిక్కు. రాడార్ ఒకేసారి కొన్ని కిలోమీటర్ల మేర చూస్తుంది కాబట్టి, ఒడ్డుకు దగ్గరయ్యేకొద్దీ నేల నుంచి వచ్చే ప్రతిధ్వని కలిసిపోయి కొలత పాడవుతుంది. మనకి కావలసిన చోటే ఇలా అవుతుంది. సెంటినెల్-6 లాంటి కొత్త ఉపగ్రహాలు తమ దారి వెంట 300 మీటర్ల మేరకు విడదీసి చూడగలవు. 2022 డిసెంబర్‌లో వెళ్లిన స్వాట్ అయితే ఒక గీతలా కాకుండా 120 కిలోమీటర్ల వెడల్పున సముద్రాన్ని చూస్తుంది.

[తెర మీద: బంగాళాఖాతం, నెలనెలా మారే రంగులు]

నా దృష్టిలో ఉపగ్రహాలు చేసిన అసలు మేలు ఉప్పెనను పట్టుకోవడం కాదు, అది నిలబడే పీట ఎత్తు చెప్పడం. మన తూర్పు తీరంలో సముద్రమట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మార్చి, ఏప్రిల్‌లో తక్కువ, అక్టోబర్, నవంబర్‌లో ఎక్కువ. ప్రవాహాలు మారడం, నదుల మంచినీళ్లు కలవడం దీనికి కారణాలు. మన పెద్ద తుఫానులు ఎక్కువగా వచ్చేది కూడా ఆ నెలల్లోనే! దానికి తోడు 1993 నుంచి ప్రపంచ సముద్రమట్టం సగటున సుమారు 10 సెంటీమీటర్లు పెరిగింది. 10 సెంటీమీటర్లే కదా అనిపించవచ్చు. కానీ పీట పెరిగితే చిన్న ఉప్పెన కూడా పాత పెద్ద ఉప్పెన గీతను తాకుతుంది. ఒకప్పుడు వందేళ్లకోసారి వచ్చిన మట్టం 2100 నాటికి సగానికి పైగా టైడ్ గేజ్‌ల దగ్గర ఏటా కనీసం ఒకసారి రావచ్చని వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ ఆరో నివేదిక అంచనా.

గేజ్‌లను మాత్రం తీసెయ్యలేం. గేజ్ నేలను బట్టి కొలుస్తుంది, ఉపగ్రహం భూమి కేంద్రాన్ని బట్టి. రెండింటికీ తేడా వస్తోందంటే నేల కుంగుతూ ఉండొచ్చు. డెల్టాల్లో ఇది తెలుసుకోవడం చాలా ముఖ్యం.

[తెర మీద: తుఫాను బులెటిన్ నమూనా]

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కంప్యూటర్ మోడళ్లతో ఉప్పెన ఎత్తును ముందే అంచనా వేస్తుంది. తుఫాను బులెటిన్‌లో "సాధారణ ఆటుపోట్ల కంటే ఒక మీటరు ఎత్తున" అని విన్నప్పుడు, ఆ మీటరు పోటు మీద అదనం అని గుర్తుంచుకోండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఇంకా ఎక్కువ. కాబట్టి ఉప్పెన ఎంత అన్నదాంతో పాటు, తుఫాను తీరం దాటే సమయానికి మీ ఊళ్లో పోటు ఉంటుందా, ఆటు ఉంటుందా అని అడగండి. మీరు తుఫాను వచ్చే దారికి కుడివైపున ఉన్నారా, ఎడమవైపునా అన్నది కూడా మ్యాప్‌లో చూసుకోండి.